ఇప్పపూల మధ్య నిద్రపోయిన ఆకు

"తమ్మీ, బస్సెక్కు" అంది అక్క ఫోనులో. ఇంకేమీ అనలేదు. నేనూ అడగలేదు. ఖానాపురం హవేలిలో షేరాటో ఎక్కి, ఖమ్మం బస్టాండులో భద్రాచలం బస్సు పట్టుకుని, కిటికీ పక్కన కూర్చున్నాక గానీ ఆ మాట నాకు పూర్తిగా తలకెక్కలేదు. మా బావ పోయాడు.

బావ కొత్తగూడెంలో బొగ్గు బాయిలో పనిచేశాడు. రిటైరయ్యాక అక్కను తీసుకుని బూర్గంపాడు దగ్గర తన సొంత ఊరికి వచ్చేశాడు. గోదావరి ఒడ్డున కొద్దిపాటి చేను ఉంది. అందులో పొగాకు వేసేవాడు. ఆ ఆకుతో అక్క చుట్టలు చుట్టేది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వచ్చి కొనుక్కుపోయేవాళ్లు. కానీ కొత్త ఆకుతో చుట్టిన మొదటి చుట్టను బావ కాల్చి మాట చెప్పాకే ఆమె అమ్మకానికి పెట్టేది. ఆ మాట కోసం ఆమె ఏడాదంతా ఎదురుచూసేదని నా అనుమానం. పైకి మాత్రం ఎప్పుడూ ఒప్పుకోలేదు.

నాకు పొగతాగే అలవాటు లేదు. అది మంచిదని చెప్పడానికి ఇది రాయడం లేదు. కానీ ఒక మనిషి ఒక వస్తువును అంత శ్రద్ధగా చూడటం నేను మరెక్కడా చూడలేదు. బావ ముందు చుట్టను చెవి దగ్గర పెట్టుకుని వేళ్లతో మెల్లగా నొక్కేవాడు. పెళపెళమంటే ఎండిపోయిందని పక్కన పెట్టేవాడు. తర్వాత వాసన. తర్వాత వెలిగించకుండానే ఒక దమ్ము లాగి, ఆ గాలిని నోట్లో తిప్పుకునేవాడు. వెలిగించేటప్పుడు మంట చుట్టకు తగలకూడదు, సెగ మాత్రమే తగలాలి. మొదటి రెండు దమ్ములు లెక్కలోకి రావు.

"అవి అగ్గిపుల్లవి. చుట్టవి గావు" అనేవాడు.

పొగ మింగేవాడు కాదు. నోట్లో నిలిపి, కళ్లు సగం మూసి, మెల్లగా వదిలేవాడు. సగం దాటాక ఎంత బాగున్నా ఆర్పేసేవాడు. ఆ తర్వాత వచ్చేది ఆకు రుచి కాదట, మసి రుచి అట. అంతా అయ్యాక అక్క వైపు తిరిగి ఒక్క మాట చెప్పేవాడు. "వగరు." లేదంటే "గొంతు కోస్తున్నది." బాగుంటే "ఊఁ." ఆ "ఊఁ" వచ్చిన రోజు అక్క ఇంట్లో కోడికూర.

ఇంత పట్టింపు ఎందుకని ఒకసారి అడిగాను.

"బాయిల దిగేముందు జేబులు తడుముతరు బామ్మర్దీ. అగ్గిపుల్ల దొరికితే కొలువు పోతది. షిఫ్టంత నోటికి ఉపాసమే. బయటికొచ్చినంక కాల్చేది ఒక్కటి. ఆ ఒక్కటి మంచిది గాకుంటే ఇంకేముంది?"

రిటైరయ్యాక జేబులు తడిమేవాళ్లు లేరు. అయినా ఆయన రోజుకు ఒకటే కాల్చాడు. అదీ బాయి నుంచి పైకి వచ్చే వేళకే.

మా ఇద్దరికీ మాటలు తక్కువ. నేను ఆ ఊరు పోయినప్పుడల్లా అరుగు మీద చెరో పక్క కూర్చునేవాళ్లం. అక్క లోపలినుంచి, "గీ ఇద్దరు మొగోళ్లు కలిస్తె ఇంట్ల ఈగ గూడ మాట్లాడది" అని ఎత్తిపొడిచేది.

కొన్నేళ్ల కింద బాయిలో బావకు పైన ఆఫీసరుగా చేసిన ఒకాయన భద్రాచలం దర్శనానికి వచ్చి, గుర్తుపెట్టుకుని ఆ ఊరికి వచ్చాడు. పోతూ పోతూ రేకు గొట్టంలో ఉన్న ఒక సిగారు బావ చేతిలో పెట్టాడు. క్యూబా దేశానిదట. మేలురకమట. ఆ రోజు నేనక్కడే ఉన్నాను.

బావ గొట్టం మూత తీసి చాలాసేపు వాసన చూశాడు. చెవి దగ్గర నొక్కి చూశాడు. నడుముకు బంగారు రంగు కాగితం చుట్టి ఉన్న ఆ చుట్టను వెలిగించకుండానే ఒక దమ్ము లాగబోయాడు. గాలి రాలేదు. మళ్లీ లాగాడు. బుగ్గలు లోపలికి పోయాయి గానీ గాలి రాలేదు.

"చుట్టినోనికి చేతగాలే" అన్నాడు.

అక్క గుమ్మంలో కూర్చుని ఆకుల ఈనెలు తీస్తోంది. ముఖం వెలిగిపోయింది. "ఏంది, గంత దూరం నుంచి వచ్చి నోరు మూసుకున్నదా? మా ఊరి పొగాకును చూసి సిగ్గువడ్డదేమో."

బావ దాన్ని తిప్పి తిప్పి చూశాడు. నోట్లో పెట్టుకునే కొసను ఆకు ముక్కతో టోపీ పెట్టినట్టు మూసేశారు. మన చుట్టకు అట్లాంటిది ఉండదు. ఆ కొస కోసి కాల్చాలని మాలో ఎవరికీ తెలియదు. బావే ఆలోచించి, "అడ్డకత్తెర ఇటియ్యి" అన్నాడు. అక్క వక్కలు కత్తిరించే అడ్డకత్తెర ఇచ్చింది, కానీ ఇష్టంగా ఇవ్వలేదు.

ఆ సాయంత్రమంతా ఆయన ఆ సిగారుతోనే ఉన్నాడు. మొదటి రెండు దమ్ములు వదిలేశాడు. తర్వాత కళ్లు సగం మూశాడు. నివురు తెల్లగా, వేలి కణుపంత పొడుగు పెరిగినా రాలలేదు. మధ్యలో ఒకసారి, "తడిమట్టి వాసన" అన్నాడు. కాసేపటికి, "ఇప్పుడు వేయించిన పల్లికాయ" అన్నాడు. అక్క ఈనెలు తీస్తూనే ఉంది. ఆకులు అయిపోయాక, తీసిన ఈనెలనే మళ్లీ సర్దుతూ కూర్చుంది.

సగం దగ్గర ఆయన ఆర్పేశాడు.

"నాది బాగుంటదా, గది బాగుంటదా?" అంది అక్క, తల ఎత్తకుండా.

ఆ ఒక్కసారి బావ అబద్ధమాడితే బాగుండునని నేను అనుకున్నాను.

"గదే" అన్నాడు. "నీ చెయ్యి దేనికీ తక్కువ గాదు. ఆకే తక్కువ."

"ఆకు పండించింది ఎవలు?"

"అవ్. నేనే." బావ నవ్వాడు. "మన ఆకును మనం నిద్రపోనియ్యం. ఎండంగనే చుట్టి అమ్ముతం. గా ఆకు ఏండ్ల తరబడి పండుకొని లేచింది."

అక్క రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడో రోజు తనే ఒక మట్టి కాగు కడిగి ఎండబెట్టింది. "నిద్రపుచ్చు మరి. చూద్దాం" అంది.

ఆ పంటలో మేలైన ఆకులు ఏరి, అడవి ఊళ్ల నుంచి సంతకు వచ్చే ఆడవాళ్ల దగ్గర కొన్న ఎండు ఇప్పపూలు వరుసకు ఇన్ని చల్లి, బావ ఆ కాగు నింపాడు. పైన అడ్డాకులు కప్పి గుడ్డ కట్టాడు. దాని మూత విప్పే రోజు కోసం ఇద్దరూ పందెం కాసినవాళ్లలా ఎదురుచూశారు. ఏటా ఒకసారి ఆయన ఒక ఆకు తీసి వాసన చూసేవాడు. "ఇంక లేవలే" అని మళ్లీ కట్టేసేవాడు.

ఆకు లేవకముందే బావకు ఆయాసం మొదలైంది. నేనే ఖమ్మం దవాఖానాకు తీసుకుపోయాను. రోజుకెన్ని కాలుస్తావని డాక్టరు అడిగాడు. ఒకటి అన్నాడు బావ. అందరూ అదే చెప్తారన్నాడు డాక్టరు. "ఒక్కటే సారూ, నేనే చుడత" అంది అక్క. బొగ్గుపొడి, పొగ రెండూ కలిసి ఊపిరితిత్తులను పాడుచేశాయని డాక్టరు చెప్పాడు. ఆ రోజు నుంచి బావ కాల్చలేదు. అక్క చుట్టలేదు.

తిరుగు బస్సులో అక్క కిటికీ వైపు తిరిగి, "నా చేతులే గదా చుట్టినయి" అంది.

"అండ్ల నీ చేతులొక్కటే ఉన్నయా? నా నోరు లేదా?" అన్నాడు బావ. ఆయాసం మధ్య ఆ మాట చెప్పడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. అక్క ఆ కాగును గోదాట్లో కలిపేస్తానని ఆ తర్వాత ఎన్నోసార్లు అన్నది. కలపలేదు.

బావ పోయిన మూడో రోజు పిట్టకు పెట్టాం. బావకు ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టి పెరటి గోడ దగ్గర ఉంచాం. మా మేనల్లుడు కొట్టులో చుట్ట కొనుక్కొచ్చి, వెలిగించి విస్తరి పక్కన పెట్టాడు. కాకి ఎక్కువసేపు ఆగలేదు. వచ్చింది, మాంసం ముక్క ముక్కున కరుచుకుని పోయింది. బావ ఎప్పుడూ ఎవరినీ కాచుకోబెట్టిన మనిషి కాదు. తృప్తిగా పోయిండని అందరూ లేచారు.

అక్క లేవలేదు. కొట్టు చుట్ట వైపు చూస్తూ, "గది తీసెయ్‌రా. గడ్డి కాలినట్టు వాసనొస్తున్నది" అంది కొడుకుతో.

లోపలికి పోయి కాగు తెచ్చింది. గుడ్డ విప్పింది. అన్నేళ్ల ఇప్పపూల వాసన పెరడంతా పరుచుకుంది. ఆకు నల్లబడి, మెత్తగా, నూనె రాసిన తోలులా ఉంది. చుట్టనని ఒట్టు పెట్టుకున్న చేతులు ఈనె తీశాయి, లోపలి ఆకు సర్దాయి, పై ఆకు తిప్పాయి. ఎక్కడా తడబడలేదు.

అక్క జీవితంలో చుట్ట కాల్చలేదు. ఆ రోజు తనే వెలిగించింది. దగ్గింది. రెండు దమ్ములు వదిలేసింది. మూడోది నోట్లో నిలిపి, కళ్లు సగం మూసింది. మేమంతా నిలబడిపోయాం.

"వగరు పోయింది" అంది.

నేను ఉండబట్టలేక అడిగాను. "ఆ సిగారు కంటేనా అక్కా?"

అక్క నా వైపు చూసింది.

"అది నేనెన్నడు తాగిన తమ్మీ?"

 అక్క చుట్టను విస్తరి పక్కన, గాలి తగలని చోట ఉంచింది. అది కాలడానికి చాలాసేపు పట్టింది. సగం దాకా కాలాక ఆమె వంగి, దాన్ని మట్టిలో మెల్లగా అద్ది ఆర్పింది.