గ్రూప్ ఫోటోలో కుడి కొస

మా మావయ్య బందరులో ఒక ప్రభుత్వ కార్యాలయంలో ముప్పై ఆరేళ్లు గుమాస్తాగా పనిచేశాడు. ఆ ఆఫీసులో ఒక ఆచారం ఉంది. పెద్ద అధికారికి బదిలీ అయినప్పుడల్లా ఆవరణలో గ్రూప్ ఫోటో తీయిస్తారు. అధికారి దండతో నడిమి కుర్చీలో, మిగతావాళ్లు హోదా ప్రకారం అటూ ఇటూ. కుర్చీలు వేయించేది, ఫోటోగ్రాఫరును పిలుచుకొచ్చేది, "కొంచెం దగ్గరికి జరగండి సార్" అంటూ అందర్నీ సర్దేది మావయ్య. సర్దడం పూర్తయ్యేసరికి ఆయనకు ఒక్క చోటే మిగిలేది. వెనక వరసలో కుడి కొస.

ఆవరణ ఇరుకు. ఫోటోగ్రాఫరు రెండడుగులు వెనక్కి వేస్తే ప్రహరీ తగిలేది. అందుకని వెడల్పు ఎక్కువ పట్టే లెన్సు వాడేవాడు. అలాంటి లెన్సు నడుమ ఉన్నవాళ్లను ఉన్నట్టే చూపిస్తుంది, అంచుల్లో ఉన్నవాళ్లను పక్కకి సాగదీస్తుంది. పదకొండు ఫోటోల్లో పదకొండు మంది అధికారులు మారారు గానీ, మావయ్య తల మాత్రం అన్నిట్లోనూ గుమ్మడికాయే. మనిషి నిజానికి కొబ్బరి ఈనెలా ఉండేవాడు. మా అత్తయ్య ఆయన్ని చొక్కాని బట్టి గుర్తుపట్టేది.

నేను గుడ్లవల్లేరులో ఇంజినీరింగు చదివాను. ఆ చదువును ఏమాత్రం ఇబ్బంది పెట్టకుండా గుడివాడలో ఒక స్టూడియోలో పెళ్లి ఆల్బమ్‌లు దిద్దుతుంటాను. రిటైర్మెంటుకు రెండు వారాల ముందు మావయ్య అక్కడికి వచ్చి, సంచిలోంచి ఒక పాత గ్రూప్ ఫోటో తీశాడు. ఆయన ఉద్యోగంలో చేరిన మూడేళ్లకు తీసింది.

"ఫంక్షనుకి ఫ్లెక్సీ వేస్తున్నారు అల్లుడూ. వయసులో ఉన్నప్పటి ఫోటో కావాలంటున్నారు."

"పెళ్లి ఫోటో ఉందిగా మావయ్యా?"

"అది మీ అత్తయ్యది. నేను పక్కన ఉన్నానంతే. ఆఫీసులో అందరి మధ్యా ఎలా ఉండేవాణ్ణో ఒక్కసారి కనపడితే చాలు."

స్కాన్ చేసి, లెన్సు దోషాలు సరిచేసే సాఫ్ట్‌వేర్‌లో తెరిచాను. ముందు అంచుల్లో మసక తగ్గించాను. మీసం బయటపడింది. "ఇది నాదే," అన్నాడు మావయ్య, ధ్రువీకరణ పత్రం ఇస్తున్నట్టు. తర్వాత సాగుదల తగ్గించే మీట జరిపాను. మావయ్య మాయమైపోయాడు.

"నేనెక్కడికి పోయాన్రా?"

సాగిన అంచును సరిచేస్తే ఫోటో మూలలు లోపలికి ముడుచుకుంటాయి. ఆ ఖాళీ కనపడకూడదని సాఫ్ట్‌వేర్ తనంతట తనే చుట్టూ కత్తిరిస్తుంది. కొసన నిలబడ్డవాడు ఆ కత్తిరింపులో పోతాడు. దాన్ని తయారుచేసినవాళ్లు మావయ్య ఆఫీసును చూసి ఉండరు, అయినా పద్ధతి తెలిసినట్టే ఉంది.

కత్తిరింపు ఆపేశాను. మావయ్య తిరిగొచ్చాడు. సన్నటి ముఖం, లోతైన కళ్లు, కాస్త బెరుకు. కానీ ఆయన వెనకున్న ఆఫీసు డాబా విల్లులా వంగింది. నడుమ కూర్చున్న అధికారి బుగ్గలు ఉబ్బాయి.

"ఇదెందుకు వంగింది?"

"నీ ముఖం నిలబడాలంటే అది వంగాలి మావయ్యా. అది తిన్నగా ఉంటే నువ్వు సాగుతావు. రెండూ ఒకేసారి కుదరవు."

ఆయన చాలాసేపు చూశాడు. తన ముఖాన్ని కాదు, అధికారిని.

"సారు లావయ్యారు."

"కొంచెమే."

"ఆయన ఫంక్షనుకి వస్తున్నారు."

మీట మధ్యలో పెట్టాను. డాబా సగం వంగింది, మావయ్య సగం సాగాడు, ఎవరికీ న్యాయం జరగలేదు. జన్మంతా సర్దిన మనిషి కదా, దీనికి ఒప్పుకుంటాడనే అనుకున్నాను.

"వద్దు," అన్నాడు. "పూర్తిగా జరుపు."

"మరి డాబా?"

"వంగనీ."

ఫంక్షను రోజు ఆ అధికారి చేతికర్రతో వచ్చి ఫ్లెక్సీ ముందు ఆగాడు. ఆయన రిటైరై చాలా ఏళ్లయింది.

"మన బిల్డింగు ఇలా ఉందేంటయ్యా?"

"ఫోటోలో వంగిందండీ," అన్నాడు మావయ్య.

"నేను కూడా కాస్త..."

"మీరు కూడానండీ."

ఆయన చూపు మెల్లగా వరస చివరికి జరిగింది. "ఇదెవరు?"

"నేనేనండీ."

అధికారి ఫ్లెక్సీనీ, మావయ్యనీ మార్చి మార్చి చూశాడు. మావయ్య మూడేళ్లు రోజూ ఫైళ్లు పట్టుకుని నిలబడింది ఆయన ముందే.

"ఇంత సన్నగా ఉండేవాడివా? నాకు గుర్తులేదయ్యా."

"ఉండేవాణ్ణండీ."

ఆయన కళ్లజోడు తీసి, కండువాతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు. లోపల భోజనాలకు పిలుస్తున్నారు. ఆయన చూడడం అయ్యేదాకా మావయ్య పక్కన నిలబడ్డాడు, తొందరపెట్టకుండా.