బిస్కెట్ డబ్బాలో కళ్లజోళ్లు

నాకు ఉద్యోగం ఇప్పించింది నా కళ్లజోడే. డిగ్రీ కాగితాలు చూపించబోతే షావుకారు గారు వాటిని పక్కకు నెట్టి, నా ముఖంలోకి తేరిపార చూసి, "అద్దాలు ఎప్పట్నుంచి?" అని అడిగారు. ఏడో తరగతి నుంచి అన్నాను. "అంటే బాగా చదివావన్నమాట. రేపట్నుంచి వచ్చెయ్" అన్నారు. నేలకొండపల్లి నుంచి ఖమ్మం వచ్చే బస్సులో నేను బట్టీపట్టిన జవాబులన్నీ అలాగే మిగిలిపోయాయి. ఎనభైల మొదట్లో సంగతి ఇది.

ఆ లారీ కంపెనీకి నాలుగు బండ్లు. ఖమ్మం నుంచి కిరాణా సామాను, ఎరువులు, సిమెంటు అడవి వైపు ఊళ్లకు పోయేవి. అటునుంచి తునికాకు, చింతపండు, వెదురు వచ్చేవి. షావుకారు గారి కుటుంబం కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొని, మిరప పండించి, ఆ తర్వాత లారీల్లోకి దిగింది. నేను అక్కడ బుకింగ్ క్లర్కుని.

నా ముఖాన చూసి మురిసిపోయిన ఆ కళ్లజోడే డ్రైవరు ముఖాన కనిపిస్తే మాత్రం షావుకారు గారు అక్కడికక్కడే బండి తాళాలు లాక్కునేవారు. ఇది ఆయన ఒక్కరి చాదస్తమూ కాదు. మా బజారులోని లారీ కంపెనీలన్నీ ఇంతే. సరుకు వేసే వ్యాపారులు ముందు డ్రైవరు ముఖం చూసేవారు. అద్దాలు ఉంటే చూపు లేనట్టు, అద్దాలు లేకపోతే చూపు ఉన్నట్టు. నేను చేరిన కొత్తలో ఒక డ్రైవరు ఎండకు తట్టుకోలేక చలువ అద్దాలు పెట్టుకొచ్చాడు. మిర్చి వ్యాపారి ఒకాయన అది చూసి, అప్పటికే ఎక్కించిన బస్తాలన్నీ కిందికి దింపించాడు. అవి చలువ అద్దాలండీ అని మేమంతా మొత్తుకున్నాం. "చలువైనా వేడైనా అద్దం అద్దమే" అన్నాడాయన. ఆ డ్రైవరు సాయంత్రానికల్లా పని ఊడి ఇంటికి పోయాడు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

షావుకారు గారికి ఈ విషయంలో సొంత సిద్ధాంతం కూడా ఉండేది. "కళ్లజోడు పెట్టుకున్నవాడు రోడ్డును చూడడయ్యా, అద్దాన్ని చూస్తాడు. బండి గుంతలో పడ్డప్పుడు జోడు జారిపోయిందనుకో, కాస్త ఆగమ్మా వెతుక్కుంటానని లారీకి చెబుతాడా?" అనేవారు. నేను నా కళ్లజోడు పైకి నెట్టుకుంటూ తలూపేవాణ్ణి. ఉద్యోగం కొత్త మరి.

మా పెద్ద డ్రైవరుకు అప్పటికే యాభై దాటాయి. ఎప్పటినుంచో ఖమ్మంలో ఉంటున్న ముస్లిం కుటుంబం. వాళ్ల నాన్న టాంగా తోలేవాడట. కంపెనీలో అందరం ఆయన్ని చాచా అనేవాళ్లం. మొదటిసారి ఆయన పక్కన కూర్చుని ఏన్కూరు వెళ్లినప్పుడే నాకు విషయం తెలిసిపోయింది.

"క్లర్క్ సాబ్, గా ముందట వచ్చేది ఏంది?" అని అడిగాడు.

"బస్సు చాచా."

"ఎంత దూరముంది?"

"వచ్చేసింది చాచా!"

"గట్లనా" అని తాపీగా బండిని పక్కకు తీశాడు. నాకు చెమటలు పట్టాయి. ఆయన మాత్రం నన్నే ఓదార్చాడు. ఆ రోడ్డు మీద ప్రతి గుంతా ఆయనకు తెలుసట. రెండు చిన్న గుంతలూ ఒక పెద్ద గుంతా దాటితే మలుపు, ఆ తర్వాత వరసగా నాలుగుసార్లు బండి ఎత్తేస్తే ఊరు. "గుంతలు ఉన్నన్ని రోజులు ఫికర్ లేదు" అన్నాడు.

షావుకారు గారికి చెప్పి మాన్పించడమే న్యాయం. నేను చెప్పలేదు. పదకొండో ఏట బండి ఎక్కిన మనిషికి స్టీరింగు తప్ప ఇంకో పని రాదు. దాన్ని లాక్కుంటే ఆయన దగ్గర మిగిలేది ఏమీ లేదు. అలాగని కళ్లు మూసుకుని ఊరుకోవడానికీ నా మనసు ఒప్పుకోలేదు. రోడ్ల మీద నడిచేవాళ్లలో మా అమ్మా నాన్నా కూడా ఉన్నారు కదా. చివరికి కొత్తగూడెంలో కంటి శిబిరం పెట్టారని తెలిసి, లోడు వంకతో ఆయన్ని అక్కడికి తీసుకుపోయాను.

జోడు పెట్టుకుని బయటికొచ్చి, ముందుగా మా లారీని చూశాడు చాచా. చాలాసేపు చూశాడు. తలుపు మీద పెయింటరు వేసిన బొమ్మ దగ్గరికి వెళ్లి వేలితో తడిమాడు.

"క్లర్క్ సాబ్, ఇది ఆవు."

"అవును చాచా, ఆవే."

"ఆరేండ్ల నుంచి నేను అందరికీ ఇది షేర్, పులి అని చెప్తున్న. మాది షేర్ బండి, జర పక్కకు జరగుండ్రి అంటున్న. ఒక్కడన్నా చెప్పలేదు!"

ఆ కోపం వారం రోజులు తగ్గలేదు. ఆయన కోపం జోడు మీద కాదు, ఆవు మీద.

ఇక జోడు దాచేదెక్కడ అన్నది ప్రశ్న. దానికి జవాబు అప్పటికే ఉందని నాకు తెలియదు. ఊరు దాటి సాగర్ కాలవ వంతెన ఎక్కి దిగగానే ఒక తాటాకుల టీ హోటలు ఉండేది. నడిపేది నడివయసు ఆడమనిషి, అందరికీ అక్క. చాచా జోడు చూపించగానే ఆమె ఏమీ అడగకుండా చేయి చాపి తీసుకుంది. గల్లాపెట్టె వెనక నుంచి నీలం రంగు బిస్కెట్ డబ్బా ఒకటి దించి మూత తీసింది. లోపల ఏడు కళ్లజోళ్లు. చాచాది ఎనిమిదోది.

మా పోటీ కంపెనీల సీనియర్ డ్రైవర్ల జోళ్లన్నీ అందులోనే ఉన్నాయి. రోడ్డు మీద ఒకరికొకరు సైడు ఇచ్చుకోని మనుషులు, లోడింగు దగ్గర కాలర్లు పట్టుకునే మనుషులు, ఆ డబ్బాలో మాత్రం కాళ్లూ చేతులూ ముడుచుకుని ఒకరి మీద ఒకరు పడుకుని ఉన్నారు. ఊళ్లోంచి పోయేటప్పుడు టీ తాగి జోడు తీసుకోవడం, వచ్చేటప్పుడు టీ తాగి జోడు అప్పగించడం, ఇదీ పద్ధతి. ఏ షావుకారికీ ఈ సంగతి తెలియదు. అక్క ఒక్కో జోడుకు ఒక్కో రంగు దారం కట్టింది. టీ గ్లాసులతోపాటు వాటినీ సబ్బు పెట్టి కడిగేది. చాచాకు పచ్చదారం వచ్చింది.

ఒకసారి దారాలు మారాయి. మా చాచా వేరే కంపెనీ డ్రైవరు జోడు పెట్టుకుని ఇల్లందు వైపు వెళ్లాడు. అందులోంచి చూస్తే అన్నీ పెద్దగా కనిపించేవట. దారిలో ఒక కోడి అడ్డం వస్తే దూడ అనుకుని బండి ఆపి, హారన్ కొట్టి, అది కదలకపోయేసరికి దిగి అదిలించడానికి కర్ర కూడా తీసుకున్నాడట. ఆ పక్క చాచా జోడు పెట్టుకున్న డ్రైవరు ఊరు దాటిపోయి అవతల సరుకు దింపేసి వచ్చాడు. ఎందుకని అడిగితే, ఊరు చిన్నగా కనిపించింది, ఇంకా దూరముందనుకున్నా అన్నాడట. వాళ్లిద్దరూ మర్నాడు జోళ్లు మార్చుకుని, ఎప్పటిలాగే తిట్టుకున్నారు.

అసలు ప్రమాదం పినపాక రూపంలో వచ్చింది. అక్కడ మాకు పాత ఖాతాదారు ఒకాయన కొత్త కిరాణా కొట్టు పెడుతూ, ప్రారంభానికి షావుకారు గారే స్వయంగా రావాలని పట్టుబట్టాడు. ముహూర్తం పదకొండు గంటలకు. కొట్టుకు కావలసిన గాజు సీసాలు, లాంతరు చిమ్నీలు గడ్డిలో చుట్టి మా లారీ మీదే ఎక్కించాం. "వేరే కారెందుకు, మన బండిలోనే పోదాం" అని తెల్లవారుతుండగా షావుకారు గారు చాచా బండెక్కారు. ఎడమ పక్క ఆయన, మధ్యలో నేను.

షావుకారు గారి పక్కన ప్రయాణం మామూలుగానే నరకం. ఆయన కుదురుగా కూర్చోరు. "ఎడమ, ఎడమ! హారన్! బ్రేకెయ్యి సాయిబూ!" అని అరుస్తూ, తన కాలి కింద లేని బ్రేకును ఆయనే తొక్కేవారు. అలాంటి మనిషి ముందు జోడు పెట్టుకుంటే ఉద్యోగం అప్పుడే పోతుంది. పెట్టుకోకపోతే చిమ్నీలు, మేము, పినపాక దాకా ఉన్న పశువులు, ఏదీ మిగలదు.

"సేట్, చాయ్ తాగి పోదామా?" అని వంతెన దిగుతూ అడిగాడు చాచా.

"ముహూర్తం తప్పుతుందయ్యా. ఎక్కడా ఆపొద్దు."

అక్క అప్పటికే రోడ్డు మధ్యలో నిలబడి ఉంది. షావుకారు గారు మా బండిలో ఉన్నారని, మాకంటే ముందు బయల్దేరిన డ్రైవరెవరో చెప్పినట్టుంది. ఆపక తప్పలేదు. "చాయ్ తాగకుండ పోతే ఎట్ల అన్నా? ఇగో, వేడి వేడి మిర్చి బజ్జీలు, దారిల తినుండ్రి" అంటూ న్యూస్‌పేపరు పొట్లం ఒకటి లోపలికి అందించింది. పొట్లానికి పచ్చదారం కట్టి ఉంది. నేను చేయి చాపేలోగా షావుకారు గారు అందుకుని ఒళ్లో పెట్టుకున్నారు.

"తర్వాత తిందాం" అన్నారు.

ఏన్కూరు దాకా గుంతలు ఆదుకున్నాయి. ఆ తర్వాత అడవి మొదలైంది, మలుపులు మొదలయ్యాయి. పైగా ఆ ముక్కలో ఎవరో పుణ్యాత్ములు కొత్తగా తారు వేసి గుంతలన్నీ పూడ్చేశారు. చాచా నా వైపు చూసిన చూపు నేనింతవరకు మరచిపోలేదు. అప్పుడు నేను నోరు తెరిచాను.

"అబ్బ, ఎడమ పక్కన ఎంత పెద్ద మద్దిచెట్టు! ఎంత దగ్గరగా ఉంది!" అన్నాను. చాచా కుడికి తిప్పాడు. "ఆహా, ఎదురుగా ఎడ్లబండి ఎంత ముచ్చటగా వస్తోంది! మన మీదికే వస్తోంది!" చాచా పక్కకు తీశాడు. "ఓహో, ముందున్న ఆ మలుపు... నెమ్మదిగా కుడికి... ఎంత అందమైన మలుపు!"

షావుకారు గారు నా వైపు తిరిగారు. "ఏంటయ్యా, కవిత్వం రాస్తావా?"

"అప్పుడప్పుడూ అండీ."

"ఆఫీసులో మాత్రం రాయకు."

జూలూరుపాడు దాటాక విప్పచెట్ల మధ్య ఒక బర్రె రోడ్డుకు అడ్డంగా నిలబడి ఉంది. దాని అందం నేను చెప్పడం మొదలుపెట్టాను కానీ, ఆలస్యమైంది. "బర్రె! చాచా, బర్రె!" అని మామూలు తెలుగులో అరిచాను. బ్రేకు పడింది. వెనక గాజు సీసాలన్నీ గలగలమన్నాయి. బర్రె బంపరుకు జానెడు దూరంలో నిలబడి మా ముగ్గుర్నీ పరిశీలించి, తీరిగ్గా వెళ్లిపోయింది. ఆ కుదుపుకు షావుకారు గారి ఒళ్లో పొట్లం చిరిగింది. బజ్జీలకు బదులు నల్లఫ్రేము కళ్లజోడు కాడ ఒకటి బయటికొచ్చింది.

ఆయన పొట్లం విప్పి జోడు బయటికి తీసి, చాచా ముఖం వైపు చూశారు, నా వైపు చూశారు. చాచా రెండు చేతులూ స్టీరింగు మీదినుంచి తీసేశాడు. తాళాలు ఇచ్చేయడానికి ఇంజను ఆపాడు. నాకు ఏడుపొచ్చింది. తప్పు నాదే, ఆ శిబిరానికి తీసుకుపోయింది నేనే అని చెప్పబోయాను.

షావుకారు గారు జోడును మళ్లీ పేపరులో చుట్టి ఇంజను బానెట్ మీద పెట్టారు.

"నాకు బజ్జీలు పడవు. కడుపులో మంట. మీరే తినండి" అన్నారు. "పొద్దున్నే లేచాను, నిద్ర ముంచుకొస్తోంది. నేను కళ్లు మూసుకుంటున్నా. ఊరొచ్చేదాకా లేపొద్దు." అని కళ్లు గట్టిగా మూసుకున్నారు.

నిద్రపోయే మనిషి ఒక్కడూ అలా కూర్చోడు. నిటారుగా, ముందున్న ఇనుప కడ్డీ రెండు చేతులతో పట్టుకుని, పెదాలు బిగించి కూర్చున్నారాయన. చాచా పొట్లం విప్పి జోడు పెట్టుకున్నాడు. లారీ కదిలింది. కొత్తగూడెం, పాల్వంచ, మణుగూరు, ఎక్కడా ఆయన కళ్లు తెరవలేదు. మలుపు వచ్చినప్పుడల్లా కాలు మాత్రం లేని బ్రేకును తొక్కుతూనే ఉంది.

పినపాకలో కొట్టాయన ఎదురొచ్చాడు. షావుకారు గారు కళ్లు మూసుకునే నా చెవిలో, "తీశాడా?" అన్నారు. చాచా జోడు తీసి జేబులో వేసుకున్నాడు. తీశాడండీ అన్నాను. అప్పుడు కళ్లు తెరిచి, కిందికి దిగి, "ఒక్క చిమ్నీ పగిలితే నన్నడుగు. మా సాయిబు చూపంటే మాటలా!" అని కొట్టాయన భుజం తట్టారు. నిజంగానే ఒక్క చిమ్నీ కూడా పగల్లేదు.

తిరుగు ప్రయాణంలో పినపాక దాటగానే ఎవరూ అడక్కుండానే ఆయన కళ్లు మూసుకున్నారు. చాచా జోడు పెట్టుకుని కొంతదూరం నడిపాడు. తర్వాత నాతో అన్నాడు.

"పదిహేనేండ్లయింది క్లర్క్ సాబ్, సేట్ నా పక్కన కూసోబట్టి. ఎన్నడూ కన్ను మూయలేదు. నన్ను నమ్మక గట్ల అరుస్తడు అనుకున్న. ఇయ్యాల..." అద్దాల మీద నీళ్లు పడ్డాయి. చేతులు స్టీరింగు మీద ఉన్నాయి కాబట్టి నేనే జోడు తీసి, చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాను.

షావుకారు గారు కళ్లు మూసుకునే ఉన్నారు. ఆయన కాలు మాత్రం బ్రేకు తొక్కింది.

"తర్వాత ఏడుద్దువుగానీ సాయిబూ" అన్నారు, "ముందు అది పెట్టుకో."