డిక్కీలోనే పుట్టిన డబ్బా

ముహూర్తం దగ్గరపడుతుండగా, తలపాగా బాసికంతో సహా పెళ్లికొడుకును కొత్తపేట రోడ్డు మీద షేర్ ఆటో ఎక్కించిన ఘనత మా వంశంలో నా ఒక్కడిదే. ఇంకొకరు పంచుకోవడానికి ఇంతవరకూ ముందుకు రాలేదు. మీరు హాయిగా నవ్వుకోండి. నా వంతు ఏడుపు ఆ రోజే పూర్తయింది.

పెళ్లికొడుకు మా పెద్దనాన్న కొడుకు రమేశన్న. కారు మా నాన్నది, డ్రైవర్ని నేను. ఇంకొకడైతే బానెట్ మీద నాలుగు పూలదండలు కట్టి ఊరుకుంటాడు. నేను ఊరుకుంటానా? డిక్కీలో పన్నెండంగుళాల సబ్‌వూఫర్ పెట్టి, ఎల్బీ నగర్‌లో ఇంటి దగ్గర మొదలైన బేస్ దిల్‌సుఖ్‌నగర్ ఫంక్షన్ హాల్లో పెళ్లికూతురి గాజుల్ని కదిలించాలని పథకం వేశాను.

ఆ స్పీకర్ బిగించడానికి అంగట్లో దొరికే చెక్క డబ్బాలు నా కంటికి ఆనలేదు. ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నవాడికి రెడీమేడ్ వస్తువులు ఎప్పుడూ ఆనవు, మీరు గమనించే ఉంటారు. స్పీకర్‌ను బట్టి డబ్బాలో ఇంత గాలే ఉండాలని ఒక లెక్క ఉంటుందట. వీడియోలో ఆయన ఆ లెక్క మొదలుపెట్టగానే వేలితో ముందుకు జరిపేశాను. డబ్బా ఎంత పెద్దదైతే చప్పుడు అంత పెద్దది, ఇందులో లెక్కేముంది?

డిక్కీ లోపల టేపు పెట్టి ఈ గోడ నుంచి ఆ గోడ దాకా కొలిచి, మా గల్లీ చివర వడ్రంగి యాదన్నకు చెప్పాను. ఆయన ప్లైవుడ్ కోసి తెచ్చాక, కారు ముందు నిలబడి తల గోక్కున్నాడు.

"తమ్ముడూ, లోపల జాగ మస్తుంది గానీ డిక్కీ నోరు చిన్నగుంది. జోడిస్తే డబ్బా దూరదు. జర తక్కువ జేద్దామా?"

"తక్కువనా? తక్కువ జేస్కోనీకి గింత కష్టమెందుకన్నా? బంపర్‌కి నా ఫోన్ కట్టుకుంట, సరిపోతది!"

"కోపానికి రాకు. మరెట్లంటవ్?"

నాకు అప్పుడు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. మెరుపు వచ్చాక ఎక్కడో ఓ చోట పిడుగు పడుతుందని ఆ క్షణంలో తోచలేదు.

"ముక్కలు లోపలికి పంపుదాం. డిక్కీలనే జోడిద్దాం."

యాదన్న చెవి మీది పెన్సిల్ తీసి, నన్ను కొత్తగా చూశాడు. "నీ దిమాక్ మామూలుది గాదు తమ్ముడూ!"

ఆ మాటతో నేను ఇంకో రెండడుగులు పెరిగాను. "బయట ఒక్క స్క్రూ గూడ కనవడొద్దు. అన్నీ స్పీకర్ బొక్కలకెళ్లి చెయ్యి పెట్టి లోపల్నుంచే బిగించు."

"జిగురు?"

"దండిగ పెట్టు."

"డిక్కీ కింద పలకకు గూడ బిగించాల్నా?"

"బిగించు. రోడ్డు ఎంత కుదిపినా ఇంచు కదలొద్దు."

కదల్లేదు. ఆ ఒక్క విషయంలో యాదన్న మాట నిలబెట్టుకున్నాడు.

నల్లటి కార్పెట్ గుడ్డ అతికించి పార్కింగ్‌లోనే పాట పెట్టాను. కింది వాటాలో ఉండే విజయవాడ సీతారత్నం ఆంటీ గరిటె పట్టుకుని బయటికొచ్చింది.

"ఏంటి బాబూ, మీ కారుకి ఒంట్లో బాలేదా? అలమరలో గిన్నెలన్నీ దూకేస్తున్నాయి!"

"బేస్ ఆంటీ."

"బేసో గీసో, మావారు భూకంపం అనుకుని సబ్బు నురగతో వీధిలోకొచ్చేశారు. ముందు అది కట్టెయ్!"

ఇంతకన్నా గొప్ప సర్టిఫికెట్ ఏముంటుంది?

పెళ్లి రోజు వెనక సీట్లో రమేశన్న, నా పక్కన పెద్దనాన్న. చుట్టాల బస్సు ముందే హాలుకు వెళ్లిపోయింది. నేను వాల్యూమ్ పెంచాను. గాలి లెక్క తప్పిన డబ్బా పాట పాడలేదు, బావిలో పడ్డ గేదెలా మూలిగింది. దానికి నంబర్ ప్లేట్ తాళం వేసింది.

"ఏందిరా, కారు గురక పెడుతున్నది?" అన్నాడు పెద్దనాన్న.

"గది బేస్ పెద్దనాన్నా."

"బంద్ జెయ్. నా పళ్లు కదుల్తున్నయ్."

బంద్ చేశాను. కానీ డుబుడుబుమని చప్పుడు మాత్రం ఆగలేదు. దిగి చూస్తే వెనక టైరు అప్పడమై ఉంది. పెద్దనాన్న వంగి, అందులో దిగిన కొత్త నల్ల స్క్రూను వేలితో చూపించాడు. దాన్ని నేను చూడగానే గుర్తుపట్టాను. దాని అన్నదమ్ములు మా పార్కింగ్ నిండా పడి ఉన్నారు.

"ఎవడో రోడ్డు మీద ఏసిండు పెద్దనాన్నా!" అని అరిచాను. "మనుషులకు సోయి లేకుంటయింది!"

"సర్లే, లొల్లి తర్వాత. స్టెప్నీ తియ్యి."

హీరోలా డిక్కీ తెరిచాను. డబ్బా నన్ను చూసింది. నేను డబ్బాను చూశాను. స్టెప్నీ ఉండేది కింద పలక కింద. జాకీ దాని పక్కన. పానా జాకీ పక్కన. ఆ పలక మీద, దానికే బిగుసుకుని, డిక్కీ నోట్లోంచి ఏ వైపుకు తిప్పినా బయటికి రాని నా కళాఖండం.

"ఏమైందిరా? స్టెప్నీ లేదా?"

"ఉంది."

"ఉంటే తియ్యి."

"ఉంది గానీ... రాదు."

పెళ్లికొడుకు ఓ పక్క, నేనో పక్క పట్టి గుంజాం. డబ్బా రాలేదు, కారే మా వైపు జరిగింది. చచ్చినట్టు యాదన్నకు ఫోన్ చేశాను.

"అన్నా, డబ్బా బయటికెట్ల తియ్యాలె?"

"తీసుడా? నువ్వు పెట్టుడు గురించే చెప్పినవ్ గద తమ్ముడూ, తీసుడు గురించి చెప్పలే!"

ఈలోగా అవతలి నుంచి పెళ్లికూతురి తండ్రి పెద్దనాన్నకు ఫోన్. "బావగారూ, ముహూర్తమైతుందని అయ్యగారు తొందర పెడుతున్నడు. ఎంతదాకొచ్చిన్రు?"

"వచ్చినట్టే బావా," అంటూ పెద్దనాన్న నా వైపు చూసిన చూపుకు బానెట్ మీది పూలు వాడిపోయాయి. ఫోన్ పెట్టేశాక మెల్లగా అన్నాడు, "ముహూర్తం దాటిందనుకో బిడ్డా, గా డబ్బాల నిన్ను గూడ పెట్టి బిగిస్త."

నేను క్యాబ్ బుక్ చేశాను. డ్రైవర్ ఫోన్ చేసి "డ్రాప్ ఎక్కడ?" అన్నాడు. "దిల్‌సుఖ్‌నగర్," అన్నాను. "గింత దగ్గరికా?" అని క్యాన్సిల్ చేశాడు. నేను ఫోన్ మీద అరుస్తుంటే పెద్దనాన్న రోడ్డుకు అడ్డంపడి షేర్ ఆటో ఆపేశాడు. అందులో కోచింగ్ పిల్లలు బ్యాగులు ఒళ్లో పెట్టుకుని ఇరుక్కుని ఉన్నారు.

"జరగుండ్రి బిడ్డా, లగ్గానికి పోవాలె!"

పిల్లలు ఒకరి ఒళ్లో ఒకరు సర్దుకున్నారు. పెళ్లికొడుకు మధ్యలో కూలబడ్డాడు. పెద్దనాన్న డ్రైవర్ పక్కన వేలాడాడు. తలపాగా చూసి హుషారెక్కిన డ్రైవర్, వెనకున్న చిన్న స్పీకర్ డబ్బాలో తీన్మార్ పెట్టాడు. ఆ దెబ్బ ఫుట్‌పాత్ మీద నిలబడ్డ నా గుండెకు తగిలింది. బేస్ అంటే అది.

వాళ్లు ముహూర్తానికి అందుకున్నారు. నేను ఇంకో ఆటో పట్టుకుని వెళ్లేసరికి అక్షింతలు పడుతున్నాయి. నేనూ వెయ్యడానికి వంగితే, రమేశన్న నా మెడ పట్టి దగ్గరికి లాక్కున్నాడు. క్షమిస్తాడేమో అనుకున్నాను.

"అరేయ్, గా ఆటోల బేస్ ఏముందిరా! ఆ డబ్బా ఎవ్వనితోని చేపిచ్చిండో అడిగిన. నంబర్ తెచ్చిన, రాస్కో."

పెళ్లికూతురు ముసిముసిగా నవ్వింది. అయ్యగారు కూడా.

డబ్బా ఇంకా డిక్కీలోనే కాపురం ఉంది. మా నాన్న ఇంకో స్టెప్నీ కొని, వెనక సీట్లో కూర్చోబెట్టి, సీటు బెల్టు పెట్టి మరీ తిప్పుతున్నాడు. నేను ఎక్కితే మాత్రం "స్టెప్నీకి ఇరుకైతది, నువ్వు మెట్రోల పో," అంటాడు.

కాబట్టి చదువరులారా, మీ అందరి సాక్షిగా, కుడిచెయ్యి చాచి, ఫోన్ ఎడమచేతికి మార్చుకుని మరీ ప్రమాణం చేస్తున్నాను: నా బొందిలో ప్రాణముండగా ఇక ఏ డబ్బానూ డిక్కీలో పుట్టనివ్వను. ఎంతటి డబ్బా అయినా సరే బయటే పుట్టాలి, బయటే పెరగాలి, నాలుగు చక్రాల కింద ఏముందో నేను చూసి వచ్చాకే లోపల అడుగు పెట్టాలి.