అడ్డంగా దిగే మనిషి

ఎక్కేటప్పుడు ఫెలిసియానో మావను ఎవరూ దాటలేరు. దిగేటప్పుడే ఆయన ముసలివాడవుతాడు.

పాతికేళ్లుగా కొండదారిలో, పైదేశాల నుంచి వచ్చే నడకవాళ్ల గుడారాలు, వంటసామాను మోస్తున్నాడు. కనుమ చేరగానే మోతకూలీలమంతా తలొక రాయి మోకాళ్లకు రుద్ది, అక్కడి రాళ్లకుప్ప మీద పెడతాం. అలసట రాయితోనే ఉండిపోతుందని. ఆ రోజు మావ మూడు పెట్టాడు.

"మూడెందుకు మావా?"

"నా మోకాళ్లెప్పుడో ఈ కుప్పలో కలిసిపోయాయిరా. ఇప్పుడున్నవెవరివో."

మావ నవ్వలేదు. కూలీల మేస్త్రీ వెనాన్సియో పొద్దున్నే చెప్పేశాడు: "విడిదికి నడకవాళ్ల తర్వాత చేరావంటే ఇదే నీ ఆఖరి మోత అన్నా." వంటపొయ్యి మావ వీపు మీదే ఉంది.

కనుమ దిగువన రాతిమెట్లు మబ్బులోకి దిగిపోతున్నాయి. తోటి కూలీలు దూకుతూ వెళ్లిపోయారు. మావ కర్ర ఊతంతో, పక్కకు తిరిగి, నొప్పికాలు ముందు వేసి, ఒక్కో మెట్టూ అడ్డంగా దిగుతున్నాడు. ఆయన కోసం నేనూ నెమ్మదించాను.

సగం దారిలో నడకవాళ్లలో నెరసిన జుట్టున్న ఒకావిడ మోకాలు పట్టుకుని కూర్చుని ఉంది. ఆమెతో వచ్చినవాళ్లు ముందుకు సాగిపోయారు.

మావ ఆగాడు.

"నడు మావా. ఈవిడకన్నా ముందు చేరాలి మనం."

"మనం చేరతాం సరే. ఈవిడెలా చేరుద్ది?"

తన మోకాలికి చుట్టుకున్న నేతపట్టీ విప్పి ఆమె మోకాలి చిప్ప కింద బిగించాడు. కర్ర ఇచ్చాడు. ఇద్దరికీ తెలిసిన మాట ఒక్కటీ లేదు. తను ఒక అడుగు వేసి చూపించాడు, ఆమె వేసింది.

"నువ్వు పో. నీ మోకాళ్లింకా నీవే," అన్నాడు నాతో.

విడిదిలో నడకవాళ్లు టీ కోసం చేతులు రుద్దుకుంటున్నారు. పొయ్యి రాలేదు. వెనాన్సియో మెట్ల వైపే చూస్తున్నాడు. చాలాసేపటికి మబ్బులోంచి రెండు ఆకారాలు బయటపడ్డాయి. ఒకేలా పక్కకు తిరిగి, ఒకేలా ఒరుగుతూ.

"ఆవిడక్కూడా కుంటు నేర్పాడే," అన్నాడు ఎవరో.

ఎవరూ నవ్వలేదు. అప్పటిదాకా అది మావ నడక అనుకున్నాం. అది నొప్పి అని, ఆమె పక్కన ఆయన్ని చూశాకే తెలిసింది.

వెనాన్సియో ఎదురెళ్లి మూట తనే దించాడు. "ఇక చాలన్నా."

మావ రాయి మీద కూర్చున్నాడు. "చాల్లే. రేపటి దిగుడు మాత్రం ఈవిణ్ణి నేనే దించుతా. కర్ర ఆవిడ దగ్గరుంది."

మర్నాడు ఆయన పొయ్యి నేను మోశాను. మావ ఖాళీ భుజాలతో ఆమె వెనకే దిగాడు, బరువున్నప్పటిలాగే వంగి.