పగడపు దిబ్బకు మైల పట్టిన ఎరోనీ మావయ్య

2014 ఆగస్టు 6, ఉదయం 6 గంటల 20 నిమిషాలకు ఎరోనీ మావయ్య పెంచుకున్న పంది చనిపోయింది. ఏడు గంటలకల్లా ఆయన పడవలో వెళ్లి, మా ఊరి పగడపు దిబ్బ మీద మడచెట్టు కర్ర పాతి, నల్లగుడ్డ కట్టి వచ్చాడు. ఊరిపెద్ద పోతే నూరు రాత్రులు దిబ్బకు మైల పట్టి, ఎవరూ వల వేయకపోవడం మా ఆచారం. ఎవరు పోయినా మైల పట్టాలన్నది మావయ్య పట్టుదల.

"పందికి కూడానా బావా?" అన్నాడు ఆయన బావమరిది సులియాసి.

"నీకంటే బుద్ధిగా ఉండేది బావా."

రేడియోలో చావు కబుర్లను ఆయన భక్తితో వినేవాడు. రాజధాని సువాలో ఎవరు పోయినా తన మేనత్త తోడికోడలి తరఫువారే. "నీ మైలల పుణ్యమా అని డబ్బా చేపలు తిని తిని నా నాలుక తుప్పు పట్టింది," అనేది ఆయన భార్య. అయితే ఊరిపెద్ద అయిన దొర ఒప్పుకోని మైల చెల్లదు. సాయంత్రానికి ఎవరో ఒకరు ఆ కర్ర పీకేసేవారు.

సెప్టెంబరులో లంబాసా పట్నం వ్యాపారి ఒకడు దొర రాతు సైరుసీకి తిమింగలం దంతం సమర్పించి, "కొన్ని చేపలు" అడిగాడు. దొర దంతం అందుకున్నాడు. అందుకున్నాక కాదనడం మాలో లేదు. ఆ కొన్ని చేపలంటే దిబ్బలోని చిలుక చేపలన్నీ అని తర్వాత తెలిసింది. రాత్రి వేటకు దీపాలతో, ఈతగాళ్లతో సోమవారం పడవ వస్తుందన్నారు. పగడాల మీది నాచును గీకి తినేవి ఆ చేపలే. అవి పోతే నాచు పగడాలను కప్పేస్తుంది. మత్స్యశాఖలో దిబ్బలను కొలిచే ఉద్యోగిగా ఆ మాట దొరకు నేనే చెప్పాను. ఆయన తల వంచుకున్నాడు.

మావయ్య రోగులను పరామర్శించడం మొదలుపెట్టాడు.

"ఒంట్లో ఎలా ఉంది లవేనియత్తా?"

"ఇవాళ కాస్త తేలిగ్గా ఉందిరా."

"అయ్యో!"

"నా చావు కోసం కాచుక్కూర్చున్నావా?"

"తొందరేం లేదత్తా. ఆదివారం లోపు చాలు."

లవేనియత్త చీపురు విసిరింది.

ఆదివారం ప్రార్థన ముగిశాక మావయ్య చాప పరుచుకుని, దుప్పటి కప్పుకుని, "నేను పోయాను," అని ప్రకటించాడు.

"ఎప్పుడు బావా?" అన్నాడు సులియాసి.

"ఇప్పుడే."

"మరి మాట్లాడుతున్నావే?"

"చెప్పేవాళ్లు లేక."

దొర వచ్చాడు. చీవాట్లు తప్పవనుకున్నాం. ఆయన చాప పక్కన కూర్చుని, దుప్పటి సరిచేసి, నవ్వు రాకుండా పెదవులు బిగించి, "పెద్దవాడు పోయాడు. నూరు రాత్రులు," అన్నాడు. కర్ర తానే పాతాడు.

సోమవారం వ్యాపారి నల్లగుడ్డ చూసి టోపీ తీశాడు.

"ఎవరు పోయారు?"

"నేనే," అన్నాడు ఒడ్డున నిలబడ్డ మావయ్య.

వ్యాపారి నావైపు చూశాడు. మరణాన్ని ధ్రువీకరించే అధికారం నాకు లేదు కనుక, "మైల మాత్రం నిజం," అన్నాను. దొర పాతిన కర్రను దాటే ధైర్యం మా గడ్డ మీద పుట్టిన ఎవరికీ లేదు. పడవ వెనుదిరిగింది, మళ్లీ రాలేదు.

ఊరంతా శవానికి మర్యాదగా చాపలూ కందగడ్డలూ పంపింది. భార్య నోరెత్తకుండా డబ్బా చేపలు వండింది.

"ఇదంతా చేపల కోసమేనా మావయ్యా?" అని అడిగాను.

"చేపలదేముంది, అవి ఈదుకుంటాయి. ఇచ్చిన మాటకూ దిబ్బకూ మధ్య నలిగి, ఆ సైరుసీ కుర్రాడికి వారంగా నిద్ర లేదు. కళ్లు చూశావా, ఎలా లోతుకు పోయాయో?"

ఆ రాత్రి దొర గురక నాలుగిళ్లకు వినిపించింది.

మైల తీరిన ఉదయం దిబ్బలో దిగి, ఒక గంటసేపు చిలుక చేపలను లెక్కించాను. మైలకు ముందు గంట లెక్కలో రెండువందలు దాటేవి కావు.

318.