గిటార్‌కు తాత చేసిన బుష్

ఇత్తడిని కాసేపు పట్టుకుంటే వేళ్ళకు ఒక వాసన అంటుకుంటుంది, సబ్బుతో కడిగినా ఓ పట్టాన పోదు. పొద్దున నా పాత ఎలక్ట్రిక్ గిటార్‌లో అరిగిన స్క్రూలు ఊడదీస్తుంటే అదే వాసన వచ్చి, పీలమేడులో మా తాత లేత్ షెడ్డు ముందు పావడా ఎగదోపుకుని కూర్చున్న పిల్లనైపోయాను.

ఆ షెడ్డులో తాతా నైనా (మా ఇళ్ళల్లో నాన్నను అలాగే పిలుస్తాం) నీళ్ళ పంపులకు బుష్‌లు చేసేవారు, అంటే తిరిగే ఇరుసు చుట్టూ తొడిగే ఇత్తడి గొట్టాలు. లేత్ మీద ఇనుము తిరిపి చెక్కినప్పుడు రాలే నీలం చుట్టల్ని గాజుల్లా వేసుకోవడం, చేతులు కోసుకోవడం, అవ్వ చేత తిట్లు తిని మళ్ళీ వేసుకోవడం నా రోజువారీ కార్యక్రమం.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా నైనా మేట్టుపాళయంలో కచేరీలు మానేసిన ఒకాయన దగ్గర ఆ గిటార్ తెచ్చాడు. ఎర్రటి రంగు, ఒంటినిండా గీతలు. తీగ బిగించే బిరడల్లో ఒకదాని బుష్ అరిగి, బిగించిన తీగ మరుక్షణమే వదులైపోయేది. విజయదశమి సాయంత్రం వీధి బొమ్మల కొలువులో నేను వాయించాలి, వీధంతా చాటింపు కూడా వేసేశాను.

ఆయుధపూజ పొద్దున తాత కొత్త బుష్‌కు కొలత తీద్దామని వచ్చేసరికి, భక్తి పొంగిపోయి నేను అప్పటికే లేత్‌కూ, పనిముట్లకూ, గిటార్‌కూ గంధం కుంకుమ పెట్టేశాను.

"బొట్టు పెట్టినాంక తాకకూడదు కదా అమ్మణీ! రేపు మళ్ళీ పూజ అయ్యేదాకా ఆగాల" అన్నాడు తాత.

ఆ రేపు చేసేది ఒక్కటే పని. ఏడాది కలిసిరావాలని 'మొదల్ వేల', అంటే మొదటి పనిగా, ఒక పంపు బుష్ తిరిపి, షెడ్డు మూసేసేవారు. ఇంకేముంది, మరమరాలూ పుట్నాలూ బెల్లమూ నములుతూనే ఏడ్చాను.

మర్నాడు గుమ్మడికాయ పగలగొట్టి, నిమ్మకాయ తొక్కించి, హారతి అయ్యాక తాత గిటార్ ఒళ్ళో పెట్టుకుని కొలత తీశాడు. నైనా అదిరిపడ్డాడు.

"మొదల్ వేల పంపుకి కదా నైనా ఎప్పుడూ చేసేది? వ్యాపారం ఏం కావాల?"

"అదీ బుష్షే, ఇదీ బుష్షే. నువ్వు స్విచ్ వెయ్యిరా."

లేత్ గుర్రుమంది. చిటికెన వేలి గోరంత బుష్ మెరుస్తూ రాలింది. కొయ్యసుత్తితో నాలుగు దెబ్బలు, బిరడ బిగిసింది. సాయంత్రం పాట చివరిదాకా తీగ కదల్లేదు. పాట అవకముందే చప్పట్లు మొదలుపెట్టింది ఎవరనుకున్నారు, మా నైనానే! నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

ఆ మీదట ప్రతి విజయదశమికీ తాత "ఈ ఏడు ఏం అరిగుండాది?" అని అడిగేవాడు. ఏమీ అరక్కపోతే నేనే ఏదో ఒకటి అరిగిందనేదాన్ని. స్క్రూలు, గుబ్బలు, తీగల కింది మెట్లు, అన్నీ అలా వచ్చినవే.

ఈ రోజు ఊడదీసిన ఆ స్క్రూలను పట్టుకుని సంగీత వాయిద్యాల దుకాణానికి వెళ్తే, దుకాణదారు వేలితో తిప్పి చూసి, ఈ చుట్లు గిటార్ మర కాదు, పంపు మర, ఎక్కడా దొరకదు అన్నాడు. ఇంత నున్నగా ఎవరు చేశారు, అడ్రస్ చెప్పండి, నాకూ కొన్ని కావాలి అని కాగితం తీశాడు. నేను గర్వంగా వీధి పేరు, సందు పేరు చెప్పేశాను. షెడ్డు ఉన్నచోట ఇప్పుడు ఐటీ ఆఫీసువాళ్ళ బళ్ళు నిలుపుతున్నారని, అతను రాసుకోవడం పూర్తయ్యాక గాని చెప్పలేకపోయాను.