ఏడవని కెప్టెన్ భార్య

మా దీవిలోని అబర్డీన్ బజార్‌లో బస్సెక్కగానే ఫోను నోటి దగ్గర పెట్టుకుని తిట్లు రికార్డు చేయడం మొదలుపెట్టాను. మా అభిమానుల గ్రూపంతా ముందురోజు నుంచి మేం చూసే అంతరిక్ష సీరియల్‌ని దుమ్మెత్తిపోస్తోంది. సీజన్‌ని సగంలో ఆపేశారు. కెప్టెన్ ఓడ ఎక్కడో చీకట్లో తప్పిపోయింది, వెతకడానికి వెళ్లిన ఓడలు ఇంకా తిరిగి రాలేదు.

"వెతకడానికి వెళ్లిన ఓడలు కూడా రాకపోయినా కెప్టెన్ పెళ్లాం కంట ఒక్క చుక్క నీళ్లు లేవు. అదీ ఒక నటనేనా? చెత్త!" అన్నాను.

పక్క సీట్లో ఖాళీ చేపల గంప ఒళ్లో పెట్టుకున్న ఆవిడ నా మీద విరుచుకుపడింది. "బంద్ చెయ్ భయ్యా! ఎతకడానికెళ్లిన బోట్లు రాకముందే ఏడుత్తారేటి? ఏడిత్తే పోయాడని ఒప్పేసుకున్నట్టే గదా!"

"అది ఉత్త సీరియల్ దీదీ," అన్నాను చిరాగ్గా.

"సంద్రంలో మావోడి బోటు కనపడకపోతే మా ఇంట్లో ఆరు రోజులు ఎవులూ ఏడవనేదు. ఆడి తల్లి కూడా ఏడవనేదు. నీకేటి తెలుసు?"

బతు బస్తీ స్టాపులో గంపతో నన్ను నెట్టుకుంటూ దిగిపోయింది. ఎంత పొగరు అనుకుంటూ, అదే కోపంలో తిట్లన్నీ గ్రూపులోకి పంపేశాను.

తర్వాత మిగతా సగం వచ్చింది. కెప్టెన్ క్షేమంగా తిరిగొచ్చాడు. ముగింపు మరీ తేలిగ్గా ఉందని గ్రూపు మళ్లీ తిట్టింది. నేను మాత్రం గ్రూపు మూసేసి, బస్సులో ఆవిడ చెప్పిన ఆరు రోజులే లెక్కపెట్టుకున్నాను.

ఏడో రోజు ఏమైందని ఆవిడను నేను అడగనేలేదు.